రెండో వరస ఏ కొస నుంచి

ఉద్యోగ అనుభవాలు రాయడానికి అరవై ఏళ్ళు నిండాలంటారు. నాకు ముప్పై నాలుగు. ఆయిల్‌పామ్ వంగడాల మీద తొమ్మిదేళ్ళు పనిచేసి రెండు నెలల క్రితం రాజీనామా చేశాను. నా సీటులో చేరబోయే అమ్మాయి మా వ్యవసాయ కాలేజీలోనే చదివిన జూనియర్. మొన్న ఫోన్ చేసి, "అక్కా, అక్కడ పని ఎట్లా ఉంటుంది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా పాప దగ్గింది. ఫోన్ మంచం మీద పడేసి పరుగెత్తాను. మామూలు దగ్గే. ఏడు నెలల పిల్ల ఒకసారి దగ్గితే నాకు పది జబ్బులు గుర్తుకొస్తాయి.

ఆ అమ్మాయికి మళ్ళీ ఫోన్ చేయలేదు. చేస్తే ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. "బాగుంటుంది, నేర్చుకోవడానికి చాలా ఉంది." నన్ను చేర్చుకున్న రోజు నాకూ అదే చెప్పారు. అందుకే పాప నిద్రపోయాక, దాని ఊపిరి వినపడేంత దూరంలో కూర్చుని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, సమావేశాలు, ప్రాజెక్టు రిపోర్టులు ఇందులో ఉండవు. అవి మీరే చూస్తారు.

ఆకులు రుబ్బే ఉద్యోగం

మా అత్తగారు ఇరుగుపొరుగు వాళ్ళకు "మా కోడలు ఆకులు రుబ్బుతుంది" అని చెప్పేది. మొదట్లో ఒళ్ళు మండేది. రెండేళ్ళు గడిచాక తెలిసింది, ఇంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేరని.

ప్రయోగశాల తిరుపతిలో, ఒక అద్దె మేడ మీద రెండు గదులు. తోట నాయుడుపేట దగ్గర. తోట నుంచి ఆకు వస్తుంది, గదిలో రుబ్బుతాం. ఆయిల్‌పామ్ ఆకు కరివేపాకు కాదు. చీపురుపుల్లల్ని పిండి చేయమన్నట్టే ఉంటుంది. అందులోంచి డీఎన్‌ఏ తీసి ఫ్రీజర్‌లో పెడతాం. ఆ తర్వాత తొమ్మిదేళ్ళూ ఆ ఫ్రీజర్ గురించే భయపడతాం. ఇప్పటికీ కరెంటు పోతే నాకు ముందు ఆ ఫ్రీజర్ గుర్తుకొస్తుంది, ఇంట్లో పాలు ఆ తర్వాత.

పెళ్ళిళ్ళలో చుట్టాలు అడుగుతారు. "పామాయిల్ గుండెకు మంచిది కాదంట గదా?" నన్ను ఆ మాట అడిగినవాళ్ళ ఇళ్ళన్నిటిలోనూ గారెలు వేగేది దాంట్లోనే. జవాబు చెప్పకండి. ప్లేటు చేతిలోకి తీసుకుని పక్కకు జరగండి.

ఇంతకీ చేసే పని ఏమిటంటే, ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన చెట్లను ఒక చోట నాటుతాం. ప్రతి చెట్టు డీఎన్‌ఏలోనూ కొన్ని గుర్తులు చదువుతాం. ఏ గుర్తు ఉన్న చెట్టు పొట్టిగా పెరుగుతోంది, ఏ గుర్తు ఉన్న చెట్టు గెలలో నూనె ఎక్కువ అని చూసుకుంటూ పోతే, ఏ గుణం ఎక్కడుందో మెల్లగా ఒక పటంలాగా తేలుతుంది. అది తేలితే, మొక్క నర్సరీలో జానెడు ఉన్నప్పుడే ఉంచాలో తీసేయాలో చెప్పవచ్చు. మామూలుగా అయితే కాపు వచ్చేదాకా, అంటే నాలుగేళ్ళు ఆగాలి. కాగితం మీద ఇంతే. దీనికి నా తొమ్మిదేళ్ళు పట్టింది. అందులో మూడేళ్ళు నేను చేసిన తప్పును నేనే వెతుక్కోవడానికి.

పెంకు

చేరిన కొత్తలో, తోటకు వెళ్ళిన రోజు, పక్క ఊరి రైతు ఒకాయన తువ్వాల్లో నాలుగు పండ్లు మూటకట్టుకుని వచ్చాడు. కత్తితో ఒకటి అడ్డంగా కోసి నా ముందు పెట్టాడు.

"సూడమ్మా. నాలుగేండ్లు నీళ్ళు కట్టినాను. లోపల అంతా టెంకే ఉండాది. కండ యాడుండాది?"

ఆయిల్‌పామ్‌లో నూనె వచ్చేది కండలోంచి. పెంకు మందంగా ఉంటే కండ తక్కువ, నూనె తక్కువ. పలచగా ఉంటే కండ ఎక్కువ. అసలు పెంకే లేని రకమూ ఉంది, కానీ దానికి గెల నిలవదు. మందపెంకు చెట్టుకు పెంకులేని చెట్టు పుప్పొడి కొడితే పుట్టేది పలచపెంకు. రైతులకు అమ్మేది అదే కావాలి. పుప్పొడి కొట్టేటప్పుడు పక్క మందపెంకు చెట్టు పుప్పొడి కాస్త దూరిందంటే, రైతుకు దొరికేది ఇదిగో, ఈయన తువ్వాల్లో ఉన్న పండు.

"ఇది మందపెంకు రకం అండీ," అన్నాను.

"అది నాటేటప్పుడే చెప్పేది గదా?"

"మొక్కను చూస్తే తెలియదు."

"మరి మీరు సదివింది యాలమ్మా? ఆకు సూసి చెప్పేదానికే గదా?"

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నాకు ఆ ఉద్యోగం మీద ఇష్టం పుట్టింది ఆ ప్రశ్నతోనే. చాలా ఏళ్ళ తర్వాత అదే ప్రశ్న నన్ను వేరే రకంగా గుచ్చింది.

మా పెద్దసారు

మా పై అధికారి రంగాచార్యులు గారు. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, నుదుట సన్నటి గీత. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా అందరూ పాఠం చెప్పినవాళ్ళే. ఈయనా అంతే. మంచి శాస్త్రవేత్త, అది ఒప్పుకోవాలి. అంకెల పట్టిక ఇస్తే ఎక్కడ వంకర ఉందో అరనిమిషంలో వేలు పెట్టి చూపిస్తారు. నాకు ఈ విద్య వచ్చిందంటే ఆయన వల్లే.

ఆయనతో చిక్కల్లా ఒకటే. "నాకు తెలియదు" అన్న మాట తొమ్మిదేళ్ళలో ఆయన నోటి వెంట ఒక్కసారీ వినలేదు. పొద్దున పది దాటితే తోటలో అడుగు పెట్టరు. చెట్ల గురించి ఆయనకు తెలిసిందంతా పట్టికల్లోంచి తెలిసిందే.

తోటలో చెట్లకు నంబరు గుంజలు పాతి ఉండేవి. రెండేళ్ళలో చెదలు తినేశాయి. రేకు బిళ్ళలు కొట్టిద్దామని మూడుసార్లు రాసి ఇచ్చాను. మూడుసార్లూ ఆయన జవాబు ఒకటే. "రిజిస్టర్‌లో ఉంది కదమ్మా. ఏ వరసలో ఎన్నో చెట్టో లెక్కపెట్టుకోవడం ఎవరికి రాదు?"

ఎవరికి రాదో తర్వాత తెలిసింది.

చెంగయ్య కట్టిన సంచి

తోటలో పుప్పొడి కొట్టే మనిషి చెంగయ్య. యాభై దాటిన వయసు. బడికి వెళ్ళింది మూడో తరగతి దాకా. మీరు ఏ పుస్తకంలో చదివిన సంకరమైనా చివరికి ఇలాంటి ఒక మనిషి చేతుల్లోనే జరుగుతుంది. ఈ సంగతి కాలేజీలో చెప్పరు.

ఆడపూగుత్తి విచ్చుకోకముందే దానికి సంచి కట్టాలి. లోపల పురుగు ఉండకూడదు, ఉంటే ఒంటి మీద బయటి పుప్పొడి మోసుకొస్తుంది. కాడ చుట్టూ దూది చుట్టి దాని మీద రబ్బరు పట్టీ బిగించాలి. తర్వాత సరైన రోజున, సంచికి ఉన్న చిన్న కిటికీలోంచి మనకు కావలసిన పుప్పొడి ఊదాలి. చెంగయ్య దూది చుట్టే పద్ధతి చూడటానికి నేను ఊరికే నిలబడేదాన్ని.

"చీమ దూరదు మేడమ్మా," అనేవాడు. "పసిబిడ్డ బొడ్డుకు గుడ్డ కట్టినట్టు కట్టాల. బిగిస్తే ఏడుస్తాది, వదులైతే జారతాది."

మా పటం కోసం నాటిన చెట్లన్నీ చెంగయ్య చేసిన ఒకే ఒక సంకరంలోంచి వచ్చినవి. తల్లీ తండ్రీ రెండూ పలచపెంకు చెట్లు. పిల్లల్లో మందం, పలచ, పెంకులేనివి మూడూ వస్తాయి. పద్నాలుగు వరసలు, వరసకు పదమూడు చెట్లు. వరసలన్నీ తోట రోడ్డు దగ్గర మొదలై కాలువ గట్టు దగ్గర ముగుస్తాయి. ఈ పదమూడు అన్న సంఖ్య గుర్తుపెట్టుకోండి.

షెడ్డులో కూర్చున్న రోజులు

చెట్లకు మూడేళ్ళు వచ్చినప్పుడు ఆకు తీయాల్సి వచ్చింది. తోట చుట్టుపక్కల కూలీలంతా హైవే పక్క ఫ్యాక్టరీలకు వెళ్ళిపోతున్నారు. మనిషి దొరకలేదు. నేను తెలివిగా ఒక పని చేశాను. మాది బంగారుపాళ్యం. మా నాయనకు మామిడి తోట ఉంది. అప్పుడు మామిడి పనులు లేని కాలం. నాయనకు ఫోన్ చేసి, తోటలో ఎప్పుడూ పనిచేసే దొరసామన్ననూ, అతని వెంట మరో ఏడుగురినీ పదిరోజులకు పిలిపించాను. రంగాచార్యులు గారు, "నీకు మేనేజ్‌మెంట్ కూడా వచ్చమ్మా," అన్నారు. ఆ మాటకు రెండు రోజులు గాల్లో నడిచాను.

చెంగయ్య ఒకసారి షెడ్డు దగ్గరికి వచ్చి, "నేనూ రావాల్నా మేడమ్మా? ఆ చెట్లు నాకు తెలుసు," అన్నాడు. పాత తోటలో సంచులు కట్టే అదును అది. పెద్దసారు వద్దన్నారు, నేనూ వద్దన్నాను.

ఒక్కో వరసకు ఒక్కో కట్ట చీటీల సంచులు ముందే రాసిపెట్టాను. వరస నంబరు, చెట్టు నంబరు, ఒకటి నుంచి పదమూడు దాకా క్రమంగా. ఎనిమిది మందీ ఒకే జట్టుగా, వరస తర్వాత వరస, చెట్టు దగ్గరికి వెళ్ళడం, మొవ్వలోంచి ఆకు తీయడం, కట్టలో పైన ఉన్న సంచిలో వేయడం. అంతే. ఇందులో తప్పు జరగడానికి ఏముంది? ఎండ మండిపోతోంది. పదిరోజులూ నేను షెడ్డులో ఫ్యాను కింద కూర్చుని, వచ్చిన సంచులకు టిక్కు పెట్టుకున్నాను. ఒక్క వరస కూడా వాళ్ళ వెంట నడవలేదు. నడవడం నా పని కాదనుకున్నాను.

ఇది చదివే మీరు ఇక్కడ కాసేపు ఆగండి. తర్వాత జరిగిందంతా ఆ ఫ్యాను కిందే మొదలైంది.

నేను రాసిన వాక్యం

ఏడాది తిరిగాక కాపు వచ్చింది. పండ్లు కోసి పెంకు చూసి రాసుకున్నది చెంగయ్యే. అతనికి నంబరు గుంజ అక్కర్లేదు. రోడ్డు వైపు నుంచి లెక్క, ప్రతి చెట్టూ ముఖం చూసి గుర్తుపట్టినట్టు చెప్తాడు.

పెంకుకు సంబంధించిన గుర్తు ముందునుంచీ తెలిసినదే. కాబట్టి పటం మొదలుపెట్టే ముందు అదే సరిచూసుకుంటాం. డీఎన్‌ఏ మందం అంటే పండూ మందంగా ఉండాలి. అదే సరిపోకపోతే మిగతాది చూడనక్కర్లేదు. సరిపోలేదు. డీఎన్‌ఏ పెంకులేదన్న చెట్టుకు బ్రహ్మాండమైన గెలలు. పలచ అన్నచోట మందం. సరిపోయిన చోట ఆకుపచ్చ, సరిపోనిచోట ఎరుపు రంగు వేశాను. పెంకు రకం ప్రకారం గుంపులు చేసిన ఆ పట్టిక తట్టు పోసినట్టు అయింది.

మళ్ళీ రుబ్బాను. మళ్ళీ చదివాను. అదే ఎరుపు. అలా నెలలు గడిచాయి.

రంగాచార్యులు గారు అరనిమిషం చూసి అన్నారు. "సంచి సరిగ్గా కట్టలేదమ్మా. బయటి పుప్పొడి కలిసింది. డేటా అబద్ధం చెప్పదు, మనుషులు చెప్తారు."

నాకు ఒక సందేహం ఉండింది. బయటి పుప్పొడి కలిసి ఉంటే, తల్లిలోనూ తండ్రిలోనూ లేని గుర్తు ఒక్కటైనా పిల్లల్లో కనపడాలి. ఒక్కటీ లేదు. అన్నీ వీళ్ళ పిల్లలే. ఆ మాట అన్నాను కూడా.

"దగ్గరి బంధువు చెట్టు పుప్పొడి అయితే కనపడదు కదా," అన్నారు.

కుదరని మాట కాదు. కానీ అంత బలమైన మాటా కాదు. నేను ఇంకోసారి అడగలేదు. రిపోర్టు నేనే రాశాను. అందులో ఒక వాక్యం: "సంకరణ సమయంలో సంచి కట్టడంలో సిబ్బంది నిర్లక్ష్యం వల్ల ఈ చెట్ల సమూహం పటానికి పనికిరాదు." పేరు రాయలేదని నాకు నేను చెప్పుకున్నాను. తోటలో సంచి కట్టే మనిషి ఒక్కడే ఉన్నప్పుడు పేరు రాయకపోతే మాత్రం ఏమిటి?

నెల తిరక్కముందే చెంగయ్యను తీసేశారు. పందొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి. వెళ్ళేటప్పుడు షెడ్డు ముందు నిలబడి నన్ను ఒక్కటే అడిగాడు.

"నిర్లక్ష్యం అని మీరే రాసినారా మేడమ్మా?"

"డేటా అట్లా వచ్చింది చెంగయ్యా," అన్నాను.

"అట్లనా," అన్నాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు. పట్టికను పెద్దసారు మూయించారు. ఆ చెట్లను తీసేసి వేరే మొక్క నాటాలని కూడా రాశారు. అది ఏ ఆఫీసులోనో ఆగిపోయింది కాబట్టి చెట్లు బతికాయి.

మామిడి తోటలో

మరుసటి ఏడాది ఎనిమిదో నెలలో కాన్పుకు బంగారుపాళ్యం వెళ్ళాను. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. అమ్మ తోటలోని రేకుల పంచలో మంచం వేసింది. కాయ బేరానికి ముందు చెట్లు లెక్కపెట్టడం మా తోటలో ఎప్పుడూ ఉన్నదే. దొరసామన్న సున్నం కుండ పట్టుకుని ఒక్కో చెట్టుకు గీత పెడుతూ నంబరు అరుస్తున్నాడు. నాయన పుస్తకంలో రాసుకుంటున్నాడు. నేను ఊరికే చూస్తున్నాను.

మొదటి వరస మా పంచ ముందు నుంచి మొదలై అటు చివరికి వెళ్ళింది. రెండో వరస మా ముందుకు వచ్చి ముగిసింది. మూడోది మళ్ళీ మా ముందు మొదలైంది.

మంచం మీద లేచి కూర్చున్నాను.

"దొరసామన్నా, రెండో వరస ఆ కొస నించి యాల మొదలుపెట్టినావు?"

నా వైపు వింతగా చూశాడు. "పోయినోణ్ణి ఆడ్నే ఉండాను గదా పాపా. మళ్ళా ఈ కొసకి వొట్టి చేతుల్తో నడిచొచ్చి మొదలుపెట్టాల్నా? కాళ్ళేమన్నా బాడిగకు తెచ్చుకున్నానా?"

"నాయుడుపేట తోటలో కూడా ఇట్లే చేసినారా? ఆకులు తీసినప్పుడు?"

"ఇంకెట్ల చేస్తారు? ఆ కాలువ కాడ్నించి రోడ్డు దాకా వొట్టిగా నడిస్తే సాయంత్రమయ్యేది." కుండ కింద పెట్టాడు. "ఏం పాపా, నువ్వేమన్నా మళ్ళీ రోడ్డు కాడికి రమ్మని చెప్పినావా?"

"లేదన్నా. చెప్పలేదు."

"ఆఁ మరి."

మూడేళ్ళు. పుట్టి పెరిగింది ఈ తోటలో. నా కళ్ళ ముందే ఏటేటా ఇట్లా లెక్కపెట్టారు. నాకు ఇది తెలియని పద్ధతి కాదు. తెలిసి తెలిసి, అక్కడ కూడా మనుషులు నడుస్తారన్న సంగతి మరిచిపోయాను.

నాయన దగ్గరికి వచ్చి ఏమైందని అడిగాడు. చెప్పాను. పుస్తకం మూశాడు.

"వరసకు ఎన్ని చెట్లు?"

"పదమూడు."

"అట్లయితే ఏడోది ఒకటి సరిపోయి ఉండాల గదా పాపా. ఏ కొస నించి లెక్కపెట్టినా నడిమి చెట్టు నడిమిదే."

ల్యాప్‌టాప్ తెప్పించుకుని ఒళ్ళో ఖాళీ లేక మంచం పక్కన స్టూలు మీద పెట్టుకుని తెరిచి, పట్టికను మొదటిసారి తోటలోని వరసల ప్రకారం పేర్చాను. ఒకటో వరస, మూడో వరస, అయిదో వరస, అన్నీ ఆకుపచ్చ. సరి వరసల్లోనే ఎరుపు. ఆ సరి వరసల్లో ఏడో చెట్టు మాత్రం ప్రతిసారీ ఆకుపచ్చ. నేను దాన్ని నెలల తరబడి చూస్తూ కూడా చూడలేదు. పెంకు రకాల గుంపుల్లో ఆ పచ్చచుక్కలు చెల్లాచెదురుగా కనిపించేవి, యాదృచ్ఛికం అనుకున్నాను. సరి వరసలను తిప్పి రాశాను. పట్టిక మొత్తం పచ్చబడింది.

చెంగయ్య కట్టిన సంచిలోకి చీమ కూడా దూరలేదు.

రంగాచార్యులు గారికి ఫోన్ చేశాను. ఆయన నిజంగా సంతోషించారు. "శెభాష్. మూడేళ్ళ పని దక్కింది. ఫైలు సరిచేసి పంపమ్మా, నెలలో పటం వేసేద్దాం."

"చెంగయ్య సంగతి సార్?"

"అది వేరే విషయం. అతనికి ఎలాగూ వయసైంది. కొత్త మనిషి వచ్చాడు కదా."

"అతని తప్పు లేదు సార్. నాది."

"నీదని ఎవరన్నారు? కూలీలు తప్పు లెక్కపెట్టారు. నువ్వు ముందు ఆరోగ్యం చూసుకో."

గమనించారా? మొదట చెంగయ్య, ఇప్పుడు దొరసామన్న. వాళ్ళది తప్పు లెక్క కాదు. వాళ్ళ లెక్క సరైనదే. ఏ కొస నుంచో చెప్పాల్సింది నేను.

పాప పుట్టినప్పుడు ఆస్పత్రిలో దాని మణికట్టుకు చీటీ కట్టారు. నర్సు వచ్చిన ప్రతిసారీ నేను ఆ చీటీ తిప్పి చదివేదాన్ని. నాలుగోరోజు ఆమెకు విసుగొచ్చింది. "ఏమ్మా, వార్డులో ఆడబిడ్డ ఒకటే ఉండాది. ఎవురు మార్చుకోని పోతారు నీ బిడ్డను?" చుట్టుపక్కల మంచాల వాళ్ళంతా నవ్వారు. నేను అయిదోరోజు కూడా చదివాను.

గోడౌన్ గేటు

పాపకు మూడో నెల రాగానే, అమ్మ వద్దంటున్నా, ఒళ్ళో పెట్టుకుని నాయుడుపేట బస్సెక్కాను. దారి పొడుగునా కిటికీ అద్దం తెరిస్తే గాలి, మూస్తే ఉక్క. దాన్ని పదిసార్లు తాకి చూశాను. చెంగయ్య హైవే పక్క ఒక గోడౌన్ గేటు దగ్గర కాపలా చేస్తున్నాడు. వాళ్ళిచ్చిన నీలం చొక్కా భుజాల దగ్గర వదులుగా వేలాడుతోంది. నన్ను చూసి లేచి, తన కుర్చీ నాకు జరిపాడు.

జరిగింది మొత్తం చెప్పాను. రోడ్డు, కాలువ, సరి వరసలు, ఏడో చెట్టు. మధ్యలో ఆపలేదు. అయ్యాక అడిగాడు.

"మొత్తం సరిపోయినాయా?"

"ఒక్కటి కూడా తప్పలేదు."

తల ఊపాడు. తర్వాత పాప వైపు వంగి, దాని నడుము చుట్టూ నేను చుట్టిన గుడ్డ చూసి, "వదులుగా కట్టినారు మేడమ్మా, జారిపోతాది," అన్నాడు.

"మళ్ళీ పనిలోకి తీసుకోమని అడుగుతాను చెంగయ్యా."

"నన్ను తీసేసినారని నాకు బాధ లేదు. ఏదో ఒక గేటు దొరుకుతాది. నిర్లక్ష్యం అని రాసినారు సూడండి, అది ఉండాదా ఇంకా ఆ కాగితంలో?"

"ఉంది."

"అది ఉన్నన్నాళ్ళు నేను ఆ తోటలోకి రాను. మా అల్లుడు కూడా అడిగినాడు, ఏం మామా నిద్రపోతా కట్టినావా సంచి అని. నవ్వుతానే అడిగినాడు లెండి." నా వైపు తిరిగి, "ఆ కాగితం మీరే గదా రాసింది. మీరే కొట్టేయండి," అన్నాడు.

బస్సులో తిరిగి వస్తుంటే ఆ రైతు మాట గుర్తొచ్చింది. మీరు సదివింది యాలమ్మా?

బీరువా

కొట్టేయడం అంత తేలిక కాదు. సంతకమైన రిపోర్టులో గీత కొట్టడం కుదరదన్నారు రంగాచార్యులు గారు. అది నిజమే. రెండో ఉత్తరం రాశాను. ఒక పేజీ. ఆకు సంచులకు ఏ కొస నుంచి మొదలుపెట్టాలో నేను చెప్పలేదని, సంచి కట్టడంలో ఏ లోపమూ లేదని, కట్టిన మనిషి పేరు చెంగయ్య అని. ఈసారి పేరు రాశాను. ఆయన చదివి, "దీనివల్ల నీకే నష్టం," అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. తర్వాత ఆ పేజీని ఫైలులో అన్నిటికన్నా వెనక గుచ్చి బీరువాలో పెట్టారు.

ఆ ఫైలు తెరిచినవాళ్ళెవరూ ఇంతవరకు మొదటి పేజీ దాటలేదు. మొదటి పేజీలో నిర్లక్ష్యం ఉంది.

ముందు పేజీగా పెట్టమని నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారి ఆయన ముఖం ఎర్రబడింది. అమ్మా అత్తగారూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో, తిరుపతి ఇంట్లో పాపను చూసుకునేవాళ్ళు లేరు, ఆఫీసులో పాపను పడుకోబెట్టే మూల లేదు. ఒకరోజు ఫ్రీజర్ పక్కన తువ్వాలు పరిచి పడుకోబెట్టాను, అది చలికి వణికింది. ఆ మర్నాడే రాజీనామా ఇచ్చాను. చెంగయ్య కోసం మానేశానని మీరు అనుకుంటే నాకు గొప్పగా ఉంటుంది కానీ అది నిజం కాదు. రెండూ కలిసి మానిపించాయి. వెళ్ళేరోజు బీరువా తాళం వేసి ఉంది.

పటం వేశారు. బాగా వచ్చింది. పొట్టిగా పెరిగే గుణం ఎక్కడుందో మొదటిసారి మా చెట్లలోనే తేలింది. దాన్ని ఆధారం చేసుకుని ఇప్పుడు నర్సరీలో మొక్కలు ఏరుతున్నారు. కొత్త మనిషి కట్టే సంచులు నేను చూశాను. కాడ దగ్గర దూది బయటికి కనిపిస్తోంది. ఆ సంచుల్లోంచి వచ్చే గింజలు నాలుగేళ్ళ తర్వాత ఎవరి తువ్వాల్లో తేలతాయో మీరే ఊహించుకోండి. చెంగయ్య ఆ తోటకు కావాలి. అది జాలి కాదు, పని.

ఇప్పుడు నా సీటులోకి వచ్చే అమ్మాయికి ఒక మాట. నువ్వు మొదటిరోజే తోటకు వెళ్ళు. మెషిన్లు ఎక్కడికీ పోవు. ఎవరైనా ఆకు తీస్తుంటే వాళ్ళ వెంట రెండు వరసలు నడువు. ఒక వరస చాలదు, ఒక వరసలో ఏమీ తెలియదు. రేకు బిళ్ళల కోసం నాలుగోసారి రాసి ఇవ్వు.

రంగాచార్యులు గారు ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఆయన బీరువా తాళాలు నీ సీటుకే వస్తాయి. పై అర, ఎడమ చివర, అంచు చిరిగిన ఆకుపచ్చ ఫైలు. అన్నిటికన్నా వెనక ఉన్న పేజీ తీసి అన్నిటికన్నా ముందు గుచ్చు. ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పు. ఆ పేజీ ఫోటో ఒకటి తీసుకుని నాయుడుపేట బస్సెక్కు. గోడౌన్ గేటు హైవేకు ఎడమ పక్కనే ఉంటుంది. అతను ముందు నీకు కుర్చీ జరుపుతాడు. కూర్చోకముందే ఫోటో చూపించు.